బిస్కెట్ డబ్బాలో దేవుడి బియ్యం

1974 మార్చి 4, సోమవారం

గొంతులో వడ్లగింజంత కాయ. అదీ సంగతి.

డాక్టరు గారు అద్దం పెట్టి చూశారు. చూపుడు వేలి కొన మీద బొటనవేలితో కొలత చూపించారు – ఇంతేనమ్మా అని. ఇంతదానికి ఆరు వారాలు నోరు మూసుకోవాలట. గుసగుసలు కూడా వద్దు, అవి ఇంకా చెరుపు అన్నారు. ఏప్రిల్ పదిహేనున మళ్ళీ చూస్తారు. అప్పటికి కరిగితే సరే. కరక్కపోతే మద్రాసు వెళ్ళి తీయించుకోవాలి. తీశాక పాత గొంతు వస్తుందా అంటే ఆయన కలం మూత పెట్టి చీటీ నా చేతికిచ్చారు.

పదమూడేళ్ళుగా టెలిఫోన్ ఆఫీసులో ట్రంకు బోర్డు ముందు కూర్చుని ఊళ్ళను ఊళ్ళతో కలిపినదాన్ని. నిద్రలో కూడా ‘నంబర్ ప్లీజ్’ అంటానని మా అమ్మాయి లిల్లీ వెక్కిరిస్తుంది. ఈ గొంతు పోతే బోర్డు మీంచి లేపి ఏ కాగితాల సెక్షన్‌లోనో కూర్చోబెడతారు. చర్చిలో పాటకి ఇక నేనెందుకు...

భయంగా ఉంది. ఇవాళ్టికి ఇంతే రాయగలను.

మార్చి 5

మా ఆయన ప్రెస్సు నుంచి ఒక కట్ట తెచ్చారు. పుస్తకాలు బైండు చేసేటప్పుడు అంచులు కత్తిరిస్తే మిగిలే కాగితం ముక్కలు. గవర్నర్‌పేటలో ఆయన పనిచేసే చోట అవి గంపలకొద్దీ ఉంటాయి. నా చేతిలో పెట్టి, “ఏం కావాలన్నా వీటి మీద రాయి. తిట్లు మాత్రం పొదుపుగా వాడు” అన్నారు.

ఆయన హాస్యమాడి ఎన్నేళ్ళయిందో.

మార్చి 7

పాలవాడు నీళ్ళు కలిపాడు. కాగితం మీద రాసి చూపించాను. వాడికి చదువు రాదు. నవ్వి, దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు.

మార్చి 9

హనుమాన్ జంక్షన్ నుంచి అత్తయ్య దిగారు, నాకు సాయంగా. గడపలో చెప్పులు విప్పకముందే నా గొంతు మీద చెయ్యి వేసి ప్రార్థన మొదలుపెట్టారు. వీధి వీధంతా విన్నది. ఆవిడకి దేవుడు ఏలూరు కాలువ అవతలి గట్టున ఉన్నట్టే లెక్క.

నవ్వొచ్చింది. నవ్వకూడదట, అదీ చెరుపే.

మార్చి 10, ఆదివారం

చర్చిలో నా చోటు మార్చుకున్నాను. పాటలవాళ్ళ బెంచీ వదిలి, చంటిపిల్లల తల్లులు కూర్చునే వెనక వరసకి. మొదటి పాట ఎత్తుకోవడానికి ఎవరూ లేరు. కాసేపు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకుని, చివరికి ఎవరో కింద శ్రుతిలో అందుకున్నారు. మూడో చరణానికి పాట పూర్తిగా నేల మీద పాకింది. నా ప్రాణం ఎంత కొట్టుకుందో! లేచి ఒక్క పంక్తి అందిస్తే చాలు... పెదవులు బిగించి, కొంగు అడ్డం పెట్టుకుని కూర్చున్నాను.

ఎవరికి చెప్పను – నాకు దేవుడి మీద కోపంగా ఉంది. కాలు అడిగి ఉండొచ్చు. చెయ్యి అడిగి ఉండొచ్చు. నాకున్నది ఇదొక్కటే కదా, ఇదే ఎందుకు అడిగావు?

ప్రార్థన చెయ్యబోతే కూడా మాటలు రావడం లేదు. నోటితో చెయ్యనిది నాకు ప్రార్థనలా అనిపించదు. నాన్న పెంపకం. చల్లపల్లి దగ్గర మా పల్లెలో ఆయన ఉపదేశి, గుళ్ళో ప్రార్థనలు నడిపించేవారు. నాన్న ప్రార్థన చేస్తే వరిచేలో కలుపు తీసేవాళ్ళు కూడా నడుం ఎత్తి ఆమేన్ అనేవారు. నేను ఆయన కూతుర్ని. సిటీ బస్సు మెట్టు మీద వేలాడుతూ కూడా పెదవులు ఆడిస్తూ ప్రార్థించినదాన్ని. ఆరింటి షిఫ్టు, కుళాయి దగ్గర వరస, కిరసనాయిలు స్టవ్వు, లిల్లీ జడలు, సాయంత్రం పాటల ప్రాక్టీసు – అన్నిటి మధ్యా దేవుడితో పరుగెత్తుతూనే మాట్లాడాను. ఆగి మాట్లాడిన రోజు ఒక్కటి గుర్తు లేదు.

మార్చి 13

ఇవాళ ఒకటి జరిగింది. చిన్నదే.

పొద్దున ఎసరు పెట్టి బియ్యం కొలిచాను. కడగబోతుంటే చెయ్యి దానంతటది గిన్నెలోకి వెళ్ళి పిడికెడు తీసింది. తీసి, గాలిలో ఆగిపోయింది. ఎక్కడ వెయ్యాలో తెలియదు. మా అమ్మకైతే తెలుసు. పొయ్యి పక్కన నల్ల కుండ ఉండేది. కూలికి వెళ్ళే రోజైనా, జ్వరంతో ఉన్న రోజైనా, కొలిచిన బియ్యంలోంచి ఒక పిడికెడు ఆ కుండలోకి. దేవుడి బియ్యం. ఈస్టరుకి ముందొచ్చే మట్టల ఆదివారం నాడు పల్లెలో ఆడవాళ్ళంతా తమ కుండలు తెచ్చి గుళ్ళో చాప మీద పోసేవారు. చాప మీద తెల్లటి గుట్ట. మేం పిల్లలం ఆ గుట్టకి అటూ ఇటూ కూర్చుని ఒకళ్ళనొకళ్ళం చూసుకోవడానికి మెడలు సాచేవాళ్ళం.

ఇక్కడ మా చర్చిలోనూ అదే ఆచారం. నేనూ పదకొండేళ్ళుగా పోస్తూనే ఉన్నాను. కానీ ఎలా? ముందురోజు సాయంత్రం గుర్తొస్తే బస్తాలోంచి ఒక్కసారిగా రెండు కిలోలు సంచీలోకి దిమ్మరించి. రోజూ పిడికెడు ఎత్తే తీరిక ఎక్కడ? ఎంత పోశామన్నది ఎవరూ అడగరు, ఎలా ఎత్తామన్నది అసలే అడగరు.

అల్మారాలో లిల్లీ పాత బిస్కెట్ డబ్బా కనిపించింది. అందులో వేశాను. ఊరగాయ జాడీ వెనక పెట్టాను. అత్తయ్యకి చెప్పలేదు. ఎందుకో సిగ్గేసింది.

మార్చి 14

రెండో పిడికెడు.

అమ్మ పెదవులు కదిలేవి, పిడికిలి కుండ మీద ఉన్నంతసేపు. ఎవరి పేరో అనుకునేది. ఆరేడేళ్ళప్పుడు వెంటపడి అడిగాను – ఎవరి పేరమ్మా, నాదా, తమ్ముడిదా? “చెప్తే కబురైపోద్దే. నీకెందుకూ, పోయి ఆడుకో” అంది. ఎప్పుడూ చెప్పలేదు. మూడేళ్ళ క్రితం పోయేదాకా చెప్పలేదు.

ఇళ్ళల్లో ప్రార్థన కూటాలు పెట్టినప్పుడు వరసగా ఒక్కొక్కళ్ళూ ప్రార్థన చెయ్యాలి. అమ్మ వంతు వచ్చేసరికి అందరూ చెవులు రిక్కించేవారు. అమ్మ తల మరింత వంచి, చాలాసేపటికి ‘ఆమేన్’ అనేది. అంతే. ఆడవాళ్ళు కొంగుల్లో నవ్వుకునేవారు. ‘ఉపదేశి గారి భార్యకి ప్రార్థన రాదు’... నాన్న కూడా అనేవారు. నేనూ అన్నాను. పదమూడేళ్ళకే మైకు అక్కర్లేని పిల్లననిపించుకున్నదాన్ని, అమ్మ పక్కన కూర్చోవడం నామోషీ నాకు.

ఇప్పుడు రాస్తుంటే కళ్ళు మండుతున్నాయి.

మార్చి 19

రోజుకొక పేరు. ఆయనది అయింది, లిల్లీది అయింది, తమ్ముడిది, జైనబ్‌ది. జైనబ్ నా పక్క బోర్డు. నేను లేని బోర్డు ఎలా ఉందో తనకే తెలుసు.

ఇవాళ పిడికిలి పట్టుకుని నించుంటే మా సూపర్‌వైజర్ గారి మొహం కనపడింది. వద్దు పొమ్మన్నాను. పోలేదు. రెండు నిమిషాలకు పైగా నిలబడ్డాను, ఎసరు మరిగిపోతోంది. చివరికి ఆవిడ పేరే అనుకుని వేసేశాను. పిడికెడు కాస్త చిన్నదే తీశాను, అది దేవుడు చూసే ఉంటాడు.

మార్చి 24, ఆదివారం

ఆయన మాట్లాడుతున్నారు! నేను మాట్లాడకపోతే ఆయనకి ఇంత మాట్లాడటం వచ్చని తెలియదు. అన్నం కలుపుకుంటూ చిన్నప్పుడు ఏలూరు కాలువలో పడవ మీద తిరిగిన సంగతి, పడవవాళ్ళు గట్టు మీద వండిన చేపల పులుసు సంగతి చెప్పారు. పెళ్ళయి పదకొండేళ్ళు. ఈ కథ నాకెప్పుడూ చెప్పలేదేమని రాసి చూపించాను.

“నువ్వు ఊపిరి తీసుకుంటావేమోనని చూసేవాణ్ణి” అన్నారు.

లిల్లీ పగలబడి నవ్వింది. నాకు మాత్రం ఆ మాట సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది.

మార్చి 28

బోర్డు మీద బెంగ. హెడ్‌సెట్ బరువు, కుడిచెవి వెనక కాసిన కాయ, ఎదురుగా ఒక్కసారే వెలిగే దీపాలు. అవతల మచిలీపట్నం ఆపరేటరు దగ్గు విని ‘కషాయం తాగారా’ అని అడగడం. మొహం తెలియదు, గొంతే చుట్టరికం. మద్రాసులో పురుడు పోసుకున్న కూతురి ఏడుపు ఫోనులో విని ఇక్కడ తల్లి ‘పిల్లా, పిల్లాడా?’ అని అరుస్తుంటే కాల్‌కి ఇచ్చే మూడు నిమిషాలూ అయిపోయాయని చెప్పడానికి నాకు నోరు రాలేదు ఒకసారి. అందుకు నాకు మెమో ఇచ్చారు.

ఆ మెమో ఇప్పుడు తీసి చూసుకున్నాను. ప్రేమలేఖలా దాచుకున్నాను దాన్ని.

ఏప్రిల్ 2

ఎండ ముదిరింది. ఊరి కొండరాయి పొయ్యి మీద పెనంలా కాగుతోంది.

ఒక సంగతి గమనించాను. పొద్దున ఆ పిడికెడు తీసేటప్పుడు ఇల్లు నిశ్శబ్దంగా ఉంటుంది అనుకునేదాన్ని. అబద్ధం. స్టవ్వు బుసకొడుతూనే ఉంటుంది, అత్తయ్య కీర్తన పాడుతూనే ఉంటారు, కుళాయి దగ్గర తగువు వినిపిస్తూనే ఉంటుంది. ఏదీ ఆగదు. నా లోపలి పరుగు ఒక్కటే ఆగుతుంది. అమ్మకీ ఇదేనా? అయిదుగురు పిల్లలు, మోకాలి లోతు బురదలో ఊడ్పులు, కేకలేసే భర్త. ఆవిడ మొహంలో ఉండే ఆ నెమ్మది ఎక్కడి నుంచి వచ్చేదో అనుకునేదాన్ని. చేతికందేంత దూరంలోనే పెట్టుకుంది.

గొంతులో గింజ కరిగిందో లేదో తెలియదు. కానీ నాలుగు రోజులుగా కోపం రావడం లేదు.

ఏప్రిల్ 6, శనివారం

వరసగా రాస్తాను.

పదకొండింటికి జైనబ్ వచ్చింది, వాళ్ళమ్మ గారినీ ఇద్దరు చెల్లెళ్ళనీ తీసుకుని. నన్ను చూసిపోదామని వన్‌టౌన్ నుంచి ఎండలో నడిచి వచ్చారు. అత్తయ్య ఊరుకుంటారా? “మిట్టమధ్యాహ్నం వచ్చి అన్నం తినకుండా ఎల్తారా? కూర్చోండమ్మా” అని పైట బిగించారు. ఇంట్లో బియ్యం అడుగంటాయి. రేషను సోమవారం గానీ రాదు. నేను పెరట్లో మామిడికాయలు తరుగుతున్నాను, పప్పులోకి. లోపలికి వచ్చేసరికి నేల మీద బిస్కెట్ డబ్బా. మూత పక్కన. ఖాళీ. అత్తయ్య చేతికింద గిన్నెలో బియ్యం, మీద నీళ్ళు.

“అయ్యో!”

అరిచాను. నేనే.

నా గొంతు కాదది. తుప్పు పట్టిన తలుపు తెరిచినట్టుంది. “అమ్మా, మాట్లాడావు!” అని లిల్లీ. జైనబ్ పరుగెత్తుకొచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. “అక్కా, వద్దు, వద్దు...”

కాగితం మీద రాశాను – అవి దేవుడి బియ్యం. జైనబ్ పైకి చదివింది. అత్తయ్య మొహం తెల్లబోయింది. కళ్ళనీళ్ళు పెట్టుకుని, “దేవుడి బియ్యం కుండలో పోస్తారు గానీ బిస్కెట్ డబ్బాలో ఎవత్తి పోస్తాదే! నాకేం తెలుసు తల్లీ, పిల్ల కోసం దాచావనుకున్నా” అన్నారు. నిజమే. ఎవరు పోస్తారు?

నీళ్ళలో పడ్డ బియ్యం. రేపే మట్టల ఆదివారం.

ఉడకనివ్వమని సైగ చేశాను.

ఇరవై అయిదు పిడికిళ్ళు. వేరువేరు రేషను బియ్యం కలిసినందువల్ల సగం మెత్తగా, సగం బిరుసుగా ఉడికింది. అందరూ తిన్నారు. జైనబ్ వాళ్ళమ్మ గారు మామిడికాయ పప్పు రెండోసారి వేయించుకున్నారు. తిన్నాక రెండు చేతులూ చాచి కళ్ళు మూసుకుని ఏదో అన్నారు. “నీ గొంతు కోసం దువా చేస్తోంది అక్కా” అని జైనబ్ చెప్పింది.

నాకు ముద్ద దిగలేదు. బియ్యం పోయినందుకు కాదు. నెలకు పైగా కాపాడుకున్నది ఒక్క కేకతో చెడగొట్టుకున్నానా? మింగుతుంటే గొంతులో గరగర. ఉన్నదా, నా ఊహా?

ఏప్రిల్ 7, మట్టల ఆదివారం

ఖాళీ డబ్బాతో వెళ్ళాను. పూర్తి ఖాళీ కాదు, ఇవాళ పొద్దుటి పిడికెడు ఉంది. సంచులూ బిందెలూ పోసిన గుట్ట మీద అది పోస్తే చప్పుడు కూడా కాలేదు. వెనక అత్తయ్య “అది నా తప్పండీ, నేనే వండేశానండీ” అని అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతూనే ఉన్నారు.

ఏప్రిల్ 8

నిన్నంతా గుర్తు రానిది ఇవాళ అంట్లు తోముతుంటే వచ్చింది.

నాకు తొమ్మిదేళ్ళు. శ్రావణంలో ముసురు. నాన్న వేరే పల్లెకి కూటాలకి వెళ్ళారు. గాజుల సాయిబు గంప నెత్తిన పెట్టుకుని తడిసి ముద్దయి మా చూరు కిందికొచ్చాడు. పొద్దుటి నుంచి ఎక్కడా ఏమీ తినలేదట. ఇంట్లో నూకలు కూడా లేవు. అమ్మ నల్ల కుండ వంక చాలాసేపు చూసింది. దించింది. వండింది.

నాన్న రాగానే నేనే చెప్పేశాను, నాకు నోరు ఆగదుగా. నాన్న కేకలకి చూరు ఎగిరిపోతుందనుకున్నాను. దేవుడి సొత్తు, ఉపదేశి ఇల్లు, నలుగురూ ఏమనుకుంటారు... అమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేవకుండా, “ఆయన కోసం ఎత్తిందేగా అండీ. ఆయనే తడిసి వచ్చాడనుకుని పెట్టా” అంది. అమ్మ నాన్నకి ఎదురు చెప్పింది నాకు తెలిసి అదొక్కసారే.

మర్నాడు పొద్దున నాన్న పొయ్యి దగ్గరికొచ్చారు. కూటాల్లో ఇచ్చిన బియ్యం అమ్మ కొలిస్తే, అందులోంచి తన పెద్ద చేత్తో పిడికెడు తీసి కుండలో వేశారు. నాన్న మాట్లాడకుండా చేసిన ప్రార్థన నేను చూడటం అదే మొదలు. చూసి కూడా ఇన్నేళ్ళు మర్చిపోయాను.

జైనబ్ వాళ్ళకి ఇవాళ మనసులో క్షమాపణ చెప్పుకున్నాను, వాళ్ళ కోసం పెట్టిన ఎసరు చూసి అరిచినందుకు.

ఏప్రిల్ 10

గరగర ఉంది. ఊహ కాదు.

ఏప్రిల్ 12, శుభ శుక్రవారం

మూడు గంటల ఆరాధన. ఎండకి చర్చి రేకులు టపటపమన్నాయి. మాటలు చాలా చెప్పారు. నాకు గుర్తున్నది, నడుమ అందరూ తలలు వంచుకున్న కాస్సేపు. మా అమ్మ పక్కన కూర్చున్నట్టే అనిపించింది. ఈసారి దూరంగా జరగలేదు నేను.

ఏప్రిల్ 14, ఈస్టరు

తెల్లవారుజామునే సమాధుల తోటకి. సున్నం కొట్టిన సమాధుల మీద కొవ్వొత్తులు, బంతిపూలు. ‘లేచాడు’ అని అందరూ ఒక్క గొంతుతో అంటుంటే నా నోరు దానంతటది తెరుచుకుంది. మూసుకున్నాను. పాస్టరమ్మ గారు చూశారు. వచ్చి నా చేతుల్లో పాటకి వాయించే కంచు తాళాలు పెట్టారు. తెల్లవారేదాకా వాయించాను. అరచేతులు బొబ్బలెక్కాయి.

అమ్మ సమాధి ఇక్కడ లేదు. చల్లపల్లి బస్సెక్కి వెళ్ళాలి. గొంతు వస్తే వెళ్ళి పాడతాను అనుకున్నాను. రాకపోతే కూడా వెళ్ళాలి. ఆవిడకి పాటలు ఎప్పుడు కావాల్సొచ్చాయి గనక.

ఏప్రిల్ 15, సోమవారం

డాక్టరు గారి గదిముందు బెంచీ మీద. నాకంటే ముందు ఇద్దరున్నారు. మా ఆయన పక్కన కూర్చుని తన చొక్కా గుండీ తిప్పుతున్నారు, ఊడేలా ఉంది.

పొద్దున నేను స్నానం చేసి వచ్చేసరికి లిల్లీ వంటింట్లో. ఎసరు ముందు ముక్కాలిపీట మీద నించుని ఉంది. పిడికిలి బిస్కెట్ డబ్బా మీద. కళ్ళు గట్టిగా మూసుకుంది, పెదవులు కదులుతున్నాయి. తొమ్మిదేళ్ళ పిడికిలి, సగం గింజలు నేల మీదే పడ్డాయి. అవి ఏరి మళ్ళీ డబ్బాలో వేసింది. ఎవరు చెప్పారని రాసి చూపించాను.

“అమ్మమ్మే. ఆ వేసంగి సెలవల్లో” అంది. అమ్మ పోయే ముందటి వేసవి. నాకు తెలియనే తెలియదు.

ఎవరి పేరు? – మళ్ళీ రాశాను.

లిల్లీ తల అడ్డంగా ఊపింది. “చెప్తే కబురైపోద్దంట.”

మా అమ్మ మాట, మా అమ్మ యాసతో సహా. ఆ కాగితం ముక్క తడిసిపోయింది, ఇంకేమీ రాయలేకపోయాను.

ముందున్న ఇద్దరిలో ఒకరు లోపలికి వెళ్ళారు. మింగి చూసుకున్నాను. గరగర అలాగే ఉంది. లేక పొద్దుటి కన్నీళ్ళ వల్లా? మొదట ఏం మాట అనాలో ఆరు వారాలుగా అనుకుంటూనే ఉన్నాను. కీర్తనలో ఒక పంక్తి అనుకున్నాను. ఆయన్ని పేరుపెట్టి పిలుద్దామనుకున్నాను, పదకొండేళ్ళలో ఎప్పుడూ పిలవలేదు. అలవాటు కొద్దీ ‘నంబర్ ప్లీజ్’ అని వస్తుందేమోనని అదొక భయం. అసలు ఏమీ రాకపోతే...

భయం ఉంది. మార్చి నాలుగున ఇదే బెంచీ మీద ఉన్న భయం కాదు. అప్పుడు నేను ఒక్కదాన్నే కూర్చున్నాను. ఇవాళ నా పేరు ఎవరి పిడికిట్లోనో ఉంది.

రెండో ఆవిడ కూడా వెళ్ళి వచ్చేసింది. తలుపు తెరిచే ఉంది. ఆయన గుండీ ఊడి చేతిలోకి వచ్చింది, జేబులో వేసుకున్నారు.

“దయామణి గారూ...”

లోపల్నుంచి పిలుస్తున్నారు. పలకాలి.